ఎత్తు మారే మోటారు బల్ల: తొమ్మిది వారాల డైరీ

జూన్ 8, ఆదివారం

మా ఇంట్లో బల్ల ఒక్కటే. పగలంతా నా ఆఫీసు పని, సాయంత్రం పాప హోంవర్కు, సెలవు రోజున మా ఆవిడ బ్లౌజు గుడ్డలు కత్తిరించడం, అన్నీ దాని మీదే. ఎత్తు 75 సెంటీమీటర్లు, మామూలు బల్లలన్నీ ఉండేంతే. అది ముగ్గురిలో ఒక్కరికీ సరిపోదు. నాకు నడుం నొప్పి మొదలై ఏడాది దాటింది. గంటకోసారి లేవమని, కుదిరితే కొంత పని నిలబడే చెయ్యమని ఫిజియోథెరపీ చేసే ఆవిడ చెప్పింది. మా ఆవిడేమో గుడ్డ కత్తిరించాలంటే నిలబడి వంగాలి. నాలుగు బ్లౌజులు అయ్యేసరికి ఆమెకూ నడుం పట్టేస్తుంది.

మోటారుతో లేచే రెడీమేడ్ ఫ్రేముల్లో నాకు నచ్చినవి పాతిక వేల పైమాటే. ఇంట్లోనే చేద్దామని ఈరోజు కొలతలతో మొదలుపెట్టాం.

కొలిచే పద్ధతి చాలా సులువు. గోడ పక్కన నిటారుగా నిలబడి, భుజాలు వదులుగా వదిలేసి, మోచేతిని మూలమట్టంలా మడవాలి. నేల నుంచి మోచేతి అడుగుకు ఎంత ఉంటే అదే నిలబడి చేసే పనికి బల్ల ఎత్తు. కూర్చున్నప్పుడూ ఇదే లెక్క, కాకపోతే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీశాం. నిలబడితే నాకు 109, మా ఆవిడకు 97. కూర్చుంటే నాకు 70, ఆమెకు 65, పాపకు 60.

బాపు, అంటే మా నాన్న, పేపరు చదువుతూ మా గీతలన్నీ చూస్తున్నాడు. హైదరాబాద్ బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేసిన మనిషి. “ఇది కొత్త ముచ్చటేం గాదు బిడ్డా. ఫిట్టర్ పని నేర్పినప్పుడు మొదలు చెప్పేదే ఇది. వైసు దవడలు మోచేతి కాడికి రావాలె. కిందికుంటె నడుం పోతది, పైకుంటె భుజం పోతది” అన్నాడు. వైసంటే పని ముక్కను బిగించి పట్టే ఇనుప సాధనం. నీ ఎత్తు కూడా గీస్తానంటే మాత్రం, నాకెందుకని మళ్లీ పేపరు అందుకున్నాడు.

60 నుంచి 109 దాకా కావాలని ఉంది గానీ, ఒక పైపులో ఇంకో పైపు జారే కాళ్లతో అది కుదరదు. పైకి లేచినప్పుడు కూడా లోపలి పైపు కనీసం ఒక జానెడు బయటి పైపులో ఉండాలి, లేకపోతే ఊగుతుంది. 42 సెంటీమీటర్లు లేవాలి, 16 లోపల మిగలాలి అనుకుంటే బయటి పైపు 58 ఉండాలి. కింద పాదం, పైన ఫ్రేము, చెక్క కలుపుకుంటే అన్నిటికంటే తక్కువ ఎత్తు 69, ఎక్కువ 111. మా ఆవిడ కూర్చున్నప్పుడు, పాప చదువుకునేటప్పుడు కుర్చీ పెంచి కాళ్ల కింద పీట వేయాల్సిందే. మూడు పైపుల కాళ్లయితే ఇంకా కిందికి వచ్చేది, కానీ అది ఇంట్లో చేసే పని కాదు.

జూన్ 15, ఆదివారం

ఒక కాలికి నమూనా కట్టాను. త్రీడీ ప్రింటర్లలో వాడే 8 మిల్లీమీటర్ల లీడ్ స్క్రూ (తిరిగితే నట్టును పైకీ కిందికీ నడిపే మర కడ్డీ), దాని ఇత్తడి నట్టు, 12 వోల్టుల గేర్ మోటారు ఆన్‌లైన్‌లో తెప్పించాను. రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య డ్రాయర్ ఛానెళ్లు బిగించి, పైన 25 కిలోల బియ్యం బస్తా పెట్టాను. స్విచ్ నొక్కితే 15 సెకన్లలో 40 సెంటీమీటర్లు లేచింది. పాప చప్పట్లు కొట్టింది.

టీ తాగి వచ్చేసరికి బస్తా నేను వదిలిన చోట లేదు. ముందు నా కొలతే తప్పేమో అనుకున్నాను. ప్లైవుడ్ మీద గీత గీసి, పక్కనే కూర్చుని చూశాను. మోటారుకు కరెంటు లేదు, అయినా స్క్రూ మెల్లగా వెనక్కి తిరుగుతోంది. బస్తా దాని బరువుతోనే నట్టును కిందికి నెట్టి స్క్రూను తిప్పేస్తోంది.

బాపు స్క్రూను ఊడదీయించి, చివరను టార్చి వెలుగులో పెట్టి, గోటితో ఒక్కొక్క గాడి మొదలును తడిమాడు. “ఇగో, నాలుగు చూడీలు మొదలైతున్నయి దీనికి. ఒక్కటి గాదు.” మరను ఆయన చూడీ అనే అంటాడు, బాలానగర్ లేత్ షాపుల్లో నాకు వినబడ్డ మాట కూడా అదే. “ఒక్క చుట్టుకు ఎనిమిది ఎక్కుతది. గింత వాలుంటె బరువు దిగక ఏం జేస్తది? ఎత్తుడు పెద్ద పని గాదు, ఆపుడే పని.”

రాత్రి కూర్చుని లెక్క వేశాను. మరను విప్పి పరిస్తే అది ఒక వాలు దారి. ఒక త్రికోణం కాగితాన్ని పెన్సిల్‌కు చుట్టి చూస్తే ఇట్టే అర్థమవుతుంది. ఈ స్క్రూ మీద సగటు చుట్టుకొలత సుమారు 22 మిల్లీమీటర్లు. అంటే 22 నడిస్తే 8 ఎక్కే దారి, వందకు 36. నూనె అంటిన ఉక్కుకూ ఇత్తడికీ మధ్య రాపిడి వందకు 15 అనుకుందాం. వాలు రాపిడిని మించితే బరువు జారుతుంది, తక్కువైతే నిలుస్తుంది. నేను కొన్నది రెండింతలకు పైగా మించిపోయింది. అదే 16 మిల్లీమీటర్ల లావు, ఒకే మొదలు, 4 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) ఉన్న ట్రపిజాయిడల్ స్క్రూ అయితే చుట్టుకొలత 44, ఎక్కేది 4. అంటే వందకు 9. అది కదలదు.

స్క్రూ ఎంపిక తప్పు పూర్తిగా నాదే. వేగం చూసి కొన్నాను, నిలుస్తుందా లేదా అని చూడలేదు. 1,300 రూపాయలు పోయాయి.

జూన్ 21, శనివారం

సికింద్రాబాద్ రాణిగంజ్ మార్కెట్‌కు వెళ్లాను. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసే ఉంటాయి కాబట్టి ఇలాంటి పనులకు శనివారమే పెట్టుకోవాలి. టీఆర్ 16×4 రాడ్డు (అదే, 16 లావు, 4 పిచ్ ఉన్న ట్రపిజాయిడల్) మీటరు పైచిలుకు తీసుకుని, 55 సెంటీమీటర్ల చొప్పున రెండు ముక్కలు కోయించాను. బరువు మోయడానికి 51100 నంబరు థ్రస్ట్ బేరింగులు రెండు, పక్కకు ఒరగకుండా 6200 బాల్ బేరింగులు రెండు. రెండింటికీ లోపలి రంధ్రం 10 మిల్లీమీటర్లే కాబట్టి స్క్రూ తల 10కి తిరగదీస్తే సరిపోతుంది.

అక్కడి నుంచి నేరుగా బాలానగర్, బాపుతో పాటు పనిచేసిన ఒకాయన లేత్ షాపుకు. గన్‌మెటల్ (ఒక రకం కంచు) కడ్డీలోంచి నట్లు, స్క్రూ తలలు అక్కడే చేయించాం. బాపు కూర్చోమంటే కూర్చోలేదు. లేత్ చక్‌లో స్క్రూ బిగించాక, వంకర కొలిచే డయల్ గేజి పెట్టి తిప్పించి, ముల్లు ఎంత ఊగుతోందో చూసి, రాగి సుత్తితో రెండుసార్లు తట్టించి, మళ్లీ తిప్పించి, అప్పుడు గానీ టూల్ ఆనించనివ్వలేదు. నట్టు పూర్తయ్యాక స్క్రూను నిలువుగా పట్టుకుని నట్టును పైన వదిలాడు. అది కదల్లేదు. వేలితో ఒక్క తిప్పు తిప్పితే అర చుట్టు తిరిగి అక్కడే ఆగింది. “గిట్ల ఉండాలె” అన్నాడు.

ఈ రకం స్క్రూలో ఒక సంగతి నాకు బాగా నచ్చింది. మోటారు పెట్టే శక్తిలో వందకు 37 వంతులే బల్లను ఎత్తడానికి పోతుంది, మిగతాదంతా రాపిడి తినేస్తుంది. కాగితం మీద చూస్తే ఇది నష్టం. కానీ సగానికి మించి శక్తి ఇలా రాపిడికి పోయే స్క్రూనే బరువు పెట్టినా వెనక్కి తిరగకుండా నిలుస్తుంది. పైకి వెళ్లేటప్పుడు మనం వృథా అనుకునేదే ఆగినప్పుడు బ్రేకు.

జూన్ 29, ఆదివారం

కాళ్లు. బయటకు 50×50 చదరపు ఇనుప పైపు, గోడ మందం 2 మిల్లీమీటర్లు, కాబట్టి లోపలి ఖాళీ 46. లోపలికి 40×40 పైపు. అన్ని వైపులా 3 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. అందులో 3 మిల్లీమీటర్ల డెల్రిన్ (గట్టిగా, నున్నగా ఉండే ప్లాస్టిక్) పట్టీలు అంటించి జారుడు పలకలుగా వాడాలన్నది ప్లాను. ఇనుము మీద ఇనుము రుద్దుకుంటే శబ్దం, తుప్పు, రెండూ వస్తాయి.

లోపలి పైపును బయటి దాంట్లోకి దించితే నాలుగు అంగుళాల దగ్గర బిగుసుకుపోయింది. తిప్పి పెట్టినా అంతే. టార్చి వేసి చూస్తే బయటి పైపు లోపల ఒక గోడ మధ్యలో పొడవునా సన్నటి గట్టు. పైపు చేసేటప్పుడు రేకును మడిచి అంచులు అతికిన చోట మిగిలిన అతుకు అది. బయటివైపు ఫ్యాక్టరీలోనే గీకేస్తారు, లోపలివైపు అలాగే ఉంటుంది. 58 సెంటీమీటర్ల లోతులో ఆకురాయి పెట్టి రుద్దడం అయ్యే పని కాదు. గంటసేపు ప్రయత్నించి మానుకున్నాను.

చివరికి గట్టును అలాగే వదిలేసి, ఆ వైపు పట్టీనే రెండు సన్నటి పట్టీలుగా చీల్చి అంటించాను. గట్టు వాటి మధ్య కాలువలా సాగిపోతుంది. పట్టీలను బ్లేడుతో గీకి 2.8కి తెచ్చాక, పైపు తన బరువుతోనే మెల్లగా దిగింది. లోపలి గాలి ఉస్సుమని బయటికి పోయింది. ఆ దిగడం చూడటానికి మా ఆవిడను వంటింట్లోంచి పిలిచాను.

జూలై 6, ఆదివారం

నిన్న వెల్డింగ్ షాపులో పాదాలు, పై ఫ్రేము అతికించారు. ఇంటికి తెచ్చి రెండు కాళ్లూ కలిపి నిలబెడితే పైకి లేపలేకపోయాం. విడిగా ఉన్నప్పుడు వెన్నలా జారిన కాళ్లు, కలిపాక సగంలో పట్టేశాయి.

టేపుతో రెండు కాళ్ల మధ్య దూరం కొలిస్తే కింద 900 మిల్లీమీటర్లు, పైన 904. వెల్డింగ్ వేడికి ఒక పాదం పక్కకు గుంజుకుపోయింది. ఒక వైపు పూర్తిగా అతికి తర్వాత రెండో వైపు అతికితే చల్లారేటప్పుడు మొదటి వైపుకు లాగుతుంది. ముందు నాలుగు మూలలా ట్యాకింగ్ (చుక్కల్లా తాత్కాలిక అతుకులు) పెట్టి, మూల నుంచి మూలకు కొలిచి, సమానంగా ఉన్నాకే నిండు వెల్డింగ్ చేయించాలి. షాపులో హడావిడిగా ఉందని అడగడానికి మొహమాటపడ్డాను.

పాదం కోయించి మళ్లీ అతికించే బదులు, పై అడ్డదూలాన్ని వెల్డింగ్ లేకుండా బోల్టులతో బిగించాలని బాపు సలహా. బోల్టు రంధ్రాలను రౌండుగా కాకుండా పొడుగ్గా సాగదీశాం. బల్లను పూర్తిగా కిందికి దించి, కాళ్లు వాటి దారిలో అవి సర్దుకున్నాక బోల్టులు బిగించాం. మళ్లీ పైకి, మళ్లీ వదులు, మళ్లీ బిగింపు. మూడోసారికి చేత్తో ఎత్తితే రెండు కాళ్లూ సమంగా లేచాయి. ఎవరైనా ఇలాంటిది చేస్తుంటే నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: అన్నీ వెల్డింగ్ చేయించవద్దు, ఒక్క చోటైనా సర్దుకునే వీలు ఉంచుకోండి.

వానలు పట్టుకున్నాయి. వెల్డింగ్ అయిన చోటల్లా రాత్రికి రాత్రే ఎర్రబారింది. రుద్ది రెడ్ ఆక్సైడ్ కొట్టాను.

జూలై 12, శనివారం

మోటారు కోసం వనస్థలిపురం ఆటోనగర్‌లో పాత కారు వైపర్ మోటారు తెచ్చాను, 900 రూపాయలు. వైపర్ మోటారే ఎందుకంటే, అది నిమిషానికి 65 చుట్లకు మించదు గానీ బలం చాలా ఎక్కువ. నా లెక్క ప్రకారం బల్ల మీద 60 కిలోలు ఉంటే రెండు స్క్రూలూ కలిపి ఒక న్యూటన్ మీటరు (తిప్పే బలానికి కొలత) అడుగుతాయి. కాళ్ల రాపిడికి ఇంకో సగం. వేగం కోసం మోటారుకు 24 పళ్ల చక్రం, స్క్రూలకు 12 పళ్ల చక్రాలు పెడుతున్నాను కాబట్టి మోటారు మీద పడేది రెట్టింపు, అంటే 3. వాన పడే అద్దం మీద రెండు వైపర్లను లాగే మోటారుకు ఇది పెద్ద లెక్క కాదు. ఒకే మోటారు, ఒకే గొలుసు, రెండు కాళ్లూ దాంతోనే తిరగాలి. రెండు మోటార్లు పెట్టి ప్రోగ్రాముతో జత కలపడం కంటే గొలుసు మీదే నాకు నమ్మకం. గొలుసు తెగితే తప్ప ఒక కాలు వెనకబడదు.

సాయంత్రం కరెంటు ఇచ్చాను. పైకి బాగానే లేచింది. కిందికి స్విచ్ వేయగానే ఫ్యూజు ఎగిరింది. ఇంకోటి వేస్తే అదీ పోయింది.

కారణం దొరకడానికి రాత్రి పదకొండయింది. కారులో నెగటివ్ అంతా బాడీయే కదా. అందుకే ఈ మోటారు లోపల ఒక బ్రష్ (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్క) నేరుగా మోటారు బాడీకి కలిపి ఉంది. పైకి వెళ్లేటప్పుడు మోటారు బాడీ నెగటివ్, గొడవ లేదు. కిందికి తిప్పడానికి తీగలు తారుమారు చేయగానే మోటారు బాడీ పాజిటివ్ అవుతుంది. నేను సప్లై నెగటివ్‌ను, ఇంటి ఎర్తింగ్‌ను ఫ్రేముకే కలిపాను. ఇంకేముంది, షార్టు.

మోటారు కింద మిగిలిన డెల్రిన్ ముక్కలు, బోల్టులకు నైలాన్ వాషర్లు వేశాను. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఇంకా బీప్ అంటోంది, అంటే ఫ్రేముకు కరెంటు దారి ఇంకా ఉంది. అరగంట తల పట్టుకుని కూర్చున్నాక వెలిగింది. మోటారు షాఫ్టు కూడా ఆ బాడీలోంచే వస్తుంది. షాఫ్టుకు చక్రం, చక్రానికి గొలుసు, గొలుసు నుంచి స్క్రూ, స్క్రూ నుంచి ఫ్రేము. కింద ఎంత అడ్డం పెట్టినా కరెంటు గొలుసు మీదుగా నడిచి వస్తోంది.

జూలై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. అందరం సికింద్రాబాద్‌లో మా అక్క వాళ్లింటికి వెళ్లాం. రాత్రి వచ్చి మోటారు మూత మాత్రం విప్పాను. బ్రష్ దగ్గర నుంచి ఒక రాగి పట్టీ మూతకు రివిట్ చేసి ఉంది. దాన్ని కత్తిరించి, విడిగా తీగ సోల్డర్ చేసి బయటికి తెచ్చి, మూత బిగించాను. మల్టీమీటర్ బీప్ లేదు. ఆ నిశ్శబ్దం విన్నాకే పడుకున్నాను.

జూలై 20, ఆదివారం

గొలుసు బిగించి, బల్లను మట్టం చేశాం. స్పిరిట్ లెవెల్‌కు బదులు బాపు తాపీమేస్త్రీల దగ్గరుండే నీళ్ల గొట్టం అడిగి తెచ్చాడు. పారదర్శకంగా ఉండే సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, రెండు చివరలూ రెండు కాళ్ల పక్కన పట్టుకుంటే నీటిమట్టం రెండు చోట్లా ఒకటే ఉంటుంది. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకోవడమే అందులో కిటుకు. బాపు ఒక కొస, పాప ఒక కొస పట్టుకున్నారు. ఎడమ కాలు సుమారు 2 మిల్లీమీటర్లు కిందికుంది.

ఇక్కడ గొలుసు ఒక అందమైన సాయం చేసింది. స్క్రూ ఒక చుట్టుకు 4 మిల్లీమీటర్లు, చక్రానికి 12 పళ్లు. అంటే గొలుసును ఒక పన్ను జరిపితే కాలు మిల్లీమీటరులో మూడో వంతు లేస్తుంది. గొలుసు వదులు చేసి ఎడమ చక్రాన్ని ఆరు పళ్లు తిప్పి మళ్లీ ఎక్కించాం. రెండు కొసల్లో నీళ్లు గీతకు గీత కలిశాయి. “తాతా, నీళ్లు నిలబడ్డయి” అని పాప అరిచింది.

గొలుసు వేలాడకుండా మధ్యలో స్ప్రింగుతో నొక్కే చిన్న చక్రం కూడా పెట్టాను. అది లేనప్పుడు దిశ మార్చిన ప్రతిసారీ ఒక కాలు క్షణం ఆలస్యంగా కదిలి టక్‌మనేది.

జూలై 26, శనివారం

కోఠి గుజరాతీ గల్లీలో మిగిలిన సామాను: 12 వోల్టుల 20 ఆంపియర్ల సప్లై, మోటారును రెండు దిశల్లో నడిపే బీటీఎస్ 7960 డ్రైవర్, ప్రోగ్రాము నడిపే చిన్న బోర్డు ఆర్డుయినో నానో, అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్, లిమిట్ స్విచ్‌లు, లావు డయోడ్లు, కరెంటు కొలిచే ఏసీఎస్ 712.

ఎత్తు గుర్తుపెట్టుకోవడానికి స్క్రూ చక్రం మీద సమానదూరంలో నాలుగు చిన్న అయస్కాంతాలు అంటించాను. చుట్టుకు 4 మిల్లీమీటర్లు, నాలుగు అయస్కాంతాలు, కాబట్టి సెన్సర్ ఇచ్చే ఒక్కో లెక్క సరిగ్గా ఒక మిల్లీమీటరు. ప్రోగ్రాములో భాగహారమే అక్కర్లేదు. బల్ల ఆగిన ప్రతిసారీ ఆ అంకె చిప్‌లో రాసుకుంటుంది. కదులుతుండగా కరెంటు పోతే మాత్రం లెక్క తప్పుతుంది. అప్పుడు కింది స్విచ్ తగిలేదాకా ఒకసారి దించితే మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలవుతుంది.

లిమిట్ స్విచ్‌లను ఆర్డుయినోకు కలపలేదు. నేరుగా మోటారు తీగలోనే పెట్టాను. ప్రోగ్రాము తప్పినా బల్ల ఆగాలి కదా. చివర తాకగానే స్విచ్ తీగను తెంపుతుంది. స్విచ్‌కు అడ్డంగా ఉన్న డయోడు ఎదురు దిశలో మాత్రం కరెంటును పోనిస్తుంది, అందుకే అక్కడే ఇరుక్కుపోకుండా వెనక్కి రాగలదు. రాత్రంతా మోటారును స్విచ్‌ల మీదికి కావాలనే తోలుతూ కూర్చున్నాను. 40 సార్లు తాకించాను, 40 సార్లూ ఆగింది.

ఇంకో భయం వేళ్ల గురించి, పాప కుర్చీ చేతుల గురించి. ఈ స్క్రూ బరువుకు లొంగదు, కాబట్టి కింద ఏదైనా అడ్డం వస్తే మోటారు దాన్ని నలుపుతూనే ఉంటుంది. మామూలుగా ఎక్కేటప్పుడు 5.5 ఆంపియర్లు, దిగేటప్పుడు 3 తీసుకుంటోంది. దిగేటప్పుడు 9 దాటితే ఆగేలా పెట్టి ప్లాస్టిక్ స్టూలు మీద పరీక్షిస్తే, స్టూలు పగిలాక ఆగింది. 4.5కి తగ్గించాను, తగిలిన వెంటనే ఆగి రెండు సెంటీమీటర్లు పైకి లేచేలా రాశాను. రెండో స్టూలు మీద గీత కూడా పడలేదు. అయినా బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే బల్ల కిందికి దిగాలని నియమం పెట్టాను. పైకి ఎంతైనా ఒక్క నొక్కుతో వెళ్లనీ, కిందికి మాత్రం చూస్తూ దించాలి.

జూలై 27, ఆదివారం

దిగేటప్పుడు కిర్రుమని ఒకటే మోత, బల్లంతా సన్నగా వణుకుతోంది. ఎక్కేటప్పుడు ఏమీ లేదు. నట్టు దగ్గర వేలు పెట్టిన బాపు “ఎండిపోయింది, పట్టుకుంటుంది, వదుల్తుంది” అన్నాడు. రాపిడి మీదే నిలిచే స్క్రూకు దిగేటప్పుడు ఈ జబ్బు ఉంటుంది. గ్రీజు వేస్తే నిలవడం పోతుందేమోనని నా అనుమానం. లెక్క చూస్తే గ్రీజుతో రాపిడి వందకు 12కి వచ్చినా వాలు 9 మాత్రమే. లిథియం గ్రీజు పూసి ఐదుసార్లు ఎక్కించి దించాం. మోత పోయింది. నిండా బరువుతో 42 సెంటీమీటర్లు లేవడానికి 54 సెకన్లు. పోయిన నెల 15 సెకన్లలో లేచి, టీ తాగేలోపు కిందికి దిగిపోయిన దానికంటే ఇదే నాకు కావలసింది.

ఆగస్టు 2, శనివారం

పై చెక్క బిగించాం. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, నాలుగడుగులు రెండడుగులు, పైన సన్మైకా, అంచులకు టేకు బీడింగ్. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, వడ్రంగి రెండు గంటల్లో ముగించాడు. మొత్తం ఖర్చు, పాడైన స్క్రూలతో కలిపి, పద్నాలుగు వేల ఆరు వందలు.

మొదట వాడింది మా ఆవిడ. తన ఎత్తుకు పెట్టిన రెండో బటన్ నొక్కితే బల్ల 97 దగ్గర ఆగింది. పట్టు గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసుకుని కత్తెర పెట్టింది. నేను చూసింది ఆమె మెడను. పాత బల్ల మీద గుడ్డ కోసేటప్పుడు తల దాదాపు గుడ్డకు ఆనేది. ఇవాళ నిటారుగా నిలబడి, మోచేయి బల్ల అంచున ఆనించి, ఒకే ఊపులో చంక భాగం గుండ్రంగా కోసింది. రెండు బ్లౌజులయ్యాక “ఇంకోటి కూడా కోస్తా, ఆ ఆకుపచ్చది తీసుకురా” అంది.

ఆగస్టు 10, ఆదివారం

పోయిన ఆదివారం బల్లను 109 దగ్గర ఆపి, గోడ మీద చెక్క అంచుకు సూటిగా సన్న పెన్సిల్ గీత గీశాను. రెండు మానిటర్లు, పుస్తకాలు, ఒక మూలన అదే బియ్యం బస్తా. వారం రోజులు దించలేదు. ఈరోజు పొద్దున చూస్తే అంచు గీత మీదే ఉంది. భూతద్దంతో కూడా చూశాను.

నడుం గురించి ఇప్పుడే చెప్పడం తొందర. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం గంట నిలబడి చేస్తున్నాను. మొదటి రెండు రోజులు అరికాళ్లు మండాయి, కింద మెత్తటి చాప వేశాక తగ్గింది.

మధ్యాహ్నం బాపు అటక మీద నుంచి తన చిన్న వైసు దించి, తుప్పు తుడిచి, బల్ల అంచుకు బిగించాడు. కింద పాడుకాకుండా పాత చెప్పు రబ్బరు ముక్క వేశాడు. వాచ్‌మన్ గేటు తాళంచెవి అరిగిపోతే కొత్తది రుద్దివ్వాలట. బటన్ నొక్కి పట్టుకుని, వైసు దవడలు తన మోచేతి దగ్గరికి వచ్చేదాకా లేపుకుని ఆపాడు. తెర మీద 918 అని పడింది. గోడ మీద మా గీతల పక్కన తనే ఒక గీత గీసి, మిల్లీమీటర్లలోనే 918 అని రాసుకున్నాడు.

ఆకురాయి ఒక్క తోపు తోయగానే బల్ల ముందుకూ వెనక్కూ ఊగింది. కిందికి పైకి వెంట్రుకవాసి కదలలేదు, కానీ ముందుకు వెనక్కు చెక్క అంచు దగ్గర 6 మిల్లీమీటర్ల దాకా ఊగుతోంది. టైపింగుకు తెలియదు, వైసుకు పనికిరాదు. పాదాలు 50 సెంటీమీటర్లే పెట్టాను, అవి 65 కావాలి. పై డెల్రిన్ పట్టీలు కూడా ఇంకొంచెం బిగుతుగా ఉండాలి. “పాదాలు ఇడిచి మళ్ల అతికిద్దాం. ఈసారి నేనొస్త వెల్డింగ్ కాడికి, ట్యాకింగ్ అయినంక మూల మూల నేనే కొలుస్త” అన్నాడు బాపు. వచ్చే శనివారం 50×50 పైపు ఇంకో మీటరున్నర తేవాలి. నాలుగో బటన్‌కు తీగ ఈ రాత్రే సోల్డర్ చేస్తున్నాను.